ఘంటసాల గానములో మేటి యేది?

బళ్లారి తెలుగువారు నలుగురు కూడినచోట రాజకీయములకంటె త్వరగా వేడెక్కు ప్రసంగ మొకటి కలదు. అది ఘంటసాల వేంకటేశ్వరరావు పాటలను గూర్చిన ప్రసంగము. ఆయన పాడినవానిలో మేటి యేది యను ప్రశ్నను పెండ్లిపందిటిలోనో పండుగనాటి భోజనానంతరమో ఎవరో ఒకరు లేవదీయుదురు. తక్కినవారు తమ తమ పక్షములు పట్టుదురు. ప్రొద్దు గ్రుంకినను వాదము తెగదు. ఆయన 1974 ఫిబ్రవరి 11న కన్నుమూసెను. అర్ధశతాబ్దము గడచినను ఈ వాదము చల్లారలేదు.

దీనిని వట్టి కాలక్షేపమని త్రోసివేయరాదు. ఒక గాయకుని కృషిలో ఏది ఉత్తమమని మనము తలతుమో, దానినే పిల్లలకు వినిపింతుము. తక్కినది మనతోనే మరుగుపడును. 1953 అక్టోబరు 1న ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున చేరగా, బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. నాటినుండి ఇచటి తెలుగు కుటుంబములలో పెక్కింటి పిల్లలకు బడిభాష కన్నడమైనది. ఇంటిలో తెలుగు మాటలాడుచు, తెలుగు చదువలేనివారు మనలో నానాటికి హెచ్చుచున్నారు. అట్టివారికి తెలుగు కవిత్వము కంటిద్వారా గాక చెవిద్వారానే అందవలెను. ఆ చెవికి మనము దేని నందించుచున్నాము? ఈ వివాదము వెనుకనున్న అసలు ప్రశ్న యిది.

మొదట పక్షములను పరిశీలింతము. దేవదాసు పక్షము అన్నిటికంటె పెద్దది. 1953లో వెలువడిన ఆ చిత్రమునకు సంగీతము కూర్చిన సి. ఆర్. సుబ్బరామన్ అది విడుదల కాకమునుపే చనిపోయెను. భగ్నప్రేమికుని మత్తును, విరక్తిని ఘంటసాల ఒకే కంఠమున పలికించిన తీరు నేటికిని అనితరసాధ్యమని వీరి వాదము. రెండవది శాస్త్రీయ పక్షము. విజయనగరపు సంగీత కళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రి శిష్యుడై నేర్చిన విద్య జయభేరి (1959), జగదేకవీరుని కథ (1961) చిత్రములలో పండినదని వీరందురు. ఈ రెండింటికిని సంగీతదర్శకుడు పెండ్యాల నాగేశ్వరరావు. మూడవ పక్షమువారు గాయకునికంటె స్వరకర్తకు పెద్దపీట వేయుదురు. వీరు మాయాబజారు (1957), గుండమ్మ కథ (1962), లవకుశ (1963) చిత్రములను ముందుంచుదురు. లవకుశలో అందరి నాలుకలపై నిలిచిన కుశలవుల పాటలను తాను పాడక లీల, సుశీలలచే పాడించిన నిగ్రహమే ఘంటసాల గొప్పతన మని వీరి మాట.

ఈ మూడు వాదములలోను సత్యమున్నది. కాని మూడింటికిని ఒకే చిక్కున్నది. పాశ్చాత్య దేశములలో బీటిల్స్ వంటి గాయకుల అభిమానులు ఇట్టి వాదమునకు దిగినప్పుడు, వారి యెదుట ఆల్బము అను నిశ్చితమైన వస్తువున్నది. అందలి పాటలను వ్రాసినది, బాణీ కట్టినది, పాడినది చాలవరకు ఆ గాయకులే. మన సినిమాపాట అట్టిది కాదు. అందు కవి యొకడు, స్వరకర్త యొకడు, తెరపై పెదవి కదపు నటు డొకడు. దేవదాసు పాట మనసును కోయుచున్నదన్నచో, ఆ కీర్తిలో సుబ్బరామన్ వంతెంత, నాగేశ్వరరావు ముఖముది ఎంత, ఘంటసాలది ఎంత? విడదీయుట కష్టము. మేటిని నిర్ణయింపవలెనన్నచో, గాయకుని ముద్ర అన్నిటికంటె ఎక్కువగా పడిన చోటేదో మొదట కనుగొనవలెను.

ఆ చోటు పద్యము. పాటలో బాణీ ముందుగనే బిగిసియుండును, తాళము కాపలా కాయును. పద్యమున కట్టి కాపలా లేదు. ఏ మాటకడ ఆగవలెనో, ఏ మాటను నొక్కవలెనో, రాగ మెంతవరకు సాగవలెనో చాలవరకు పాడువాని వివేకమునకే వదలివేయబడును. స్వరకర్త రాగమును నిర్ణయించినను పద్యమునకు ప్రాణము పోయువాడు గాయకుడే. కావున ఘంటసాలను కొలువవలసిన కొలబద్ద పద్యమని నా యభిప్రాయము.

ఈ మాట బళ్లారిలో చెప్పుటకు ప్రత్యేకమైన కారణమున్నది. పద్యమును పాడవలెనా, పలుకవలెనా యను తగవు మన నాటకరంగమున బాగుగ వేళ్లూనినది బళ్లారిలోనే. ఆంధ్రనాటక పితామహుడని పేరొందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) ఇచటి సరసవినోదినీ సభకు నాటకములు వ్రాసి, పాటలను, పద్యములను రంగస్థలమున నిలిపెను. ఆయన చిత్రనళీయము ఆ త్రోవకు తొలి మెట్టు. ఆయన బంధువే యగు బళ్లారి రాఘవ (1880–1946) నటనలో దానికి భిన్నమైన త్రోవ పట్టెను. పద్యమును రాగమున సాగదీసినచో పాత్ర మరుగై పాటకుడు మిగులునని, భావమును చంపి చప్పట్లు కొనుట నటన కాదని ఆయన పట్టుదల. ఆయన భయము నిరాధారము కాదు. ప్రేక్షకులు వన్స్‌మోర్ అని కేకలు వేయగా అదే పద్యమును మరల మరల అందుకొనుట, హార్మోనియముతో పోటీపడి రాగమును దీర్ఘముగ తీయుట నాటి రంగస్థలమున సాధారణము. ఒకవంక పద్యము లేనిదే తెలుగు నాటకము లేదు. మరొకవంక పద్యగానము ముదిరినచో నాటకము నిలువదు. ఇది మన యూరి పెద్దలు మనకు విడిచిపోయిన సమస్య.

రాఘవ 1946లో కన్నుమూయునాటికి ఘంటసాల చిత్రరంగమున తొలి యడుగులు వేయుచుండెను. అంతకుముందే ఆయనకు మన ప్రాంతముతో మరొక సంబంధ మేర్పడినది. 1942 క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొన్నందులకు ప్రభుత్వ మాయనను మన బళ్లారి చెంతనున్న అల్లీపురము చెరసాలలో నిర్బంధించెను. పాటకై వచ్చిన ఊరు కాదు. అయినను మన వివాదమునకు పరిష్కారము చూపినవాడు ఈ గాలి పీల్చినవాడే యగుట మనకు సంతోషకరము.

ఆయన చూపిన పరిష్కార మెట్టిది? పద్యమును యతిస్థానమున గాక అర్థము ముగిసినచోట విరిచెను. సమాసము మధ్య ఊపిరి తీయడు. ఒత్తక్షరములను మ్రింగడు. రాగమును పద్యము పొడవునను పరచక, పాదాంతమున కొంచెము, పద్యాంతమున మరికొంచెము విడుచును. ఆ విడుపైనను పాత్రయొక్క మనఃస్థితిని చెప్పునంతవరకే. వినువానికి మొదట మాట అందును, పిదప భావము, ఆ పిదప రాగము. పాత రంగస్థలమున ఈ వరుస తలక్రిందై యుండెను.

నర్తనశాల (1963) చిత్రమున ఉత్తరగోగ్రహణ ఘట్టము తీసికొందము. బృహన్నల కౌరవవీరులను వారి పతాకములనుబట్టి ఉత్తరునికి గుర్తుచూపు తిక్కన సీసపద్యమది. నిండుగ సంస్కృత సమాసములు. కాగితముపై చూచినచో నేటి చదువరి బెదరును. ఘంటసాల కంఠమున ఒక్కొక్క వీరుడు, ఒక్కొక్క జెండా వేరువేరుగ కనబడును. అర్థము తెలియని బాలునికి సైతము ఎవరో కొందరు మహావీరులు వరుసగ నిలిచియున్నారని తోచును. పదమూడవ శతాబ్దపు కవి పలుకు ఇరువదవ శతాబ్దపు సినిమాహాలులోని నేల తరగతికి చేరుట సామాన్యమైన విషయము కాదు.

అంతకంటెను గట్టి పరీక్ష శ్రీకృష్ణావతారము (1967) లోని రాయబార పద్యములు. తిరుపతి వేంకటకవులు వ్రాసిన ఈ పద్యములను అప్పటికే ఊరూర నటులు పాడియుండిరి. ప్రతివాని చెవిలోను ఒక బాణీ స్థిరపడియుండెను. పైగా తెరపై మాటలాడువాడు రామారావు, పద్యము పాడువాడు ఘంటసాల. మాటనుండి పద్యమునకు, పద్యమునుండి మాటకు దాటునప్పుడు గొంతు మారినదని వినువానికి తోచినచో రసభంగమగును. ఘంటసాల పద్యమును మాటాడుచున్నట్లే యెత్తికొని, మాటలోనికే దింపును. ధర్మవరమువారు కోరిన గానము, రాఘవ కోరిన భావము ఇచట ఒకే పీటపై కూర్చున్నవి. కనుక నన్నడిగినచో ఘంటసాల గానమున ప్రథమ స్థానము ఈ రాయబార పద్యములది, రెండవది తిక్కన సీసమునది.

సినిమాతో సంబంధము లేని రికార్డుల మాట యేమి? నిజమునకు ఆల్బము అను పేరునకు తగినవి అవియే. అందు రెండు ముఖ్యమైనవి. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి రచించిన పుష్పవిలాపము మొదటిది. ఒక్కొక్క ప్రక్క మూడు నాలుగు నిమిషములకు మించి పట్టని పాత గ్రామఫోను రికార్డుల కాలపు సృష్టి యది. ఆయన మరణానంతరము 1974లో వెలువడిన భగవద్గీత రెండవది. పెద్ద లాంగ్‌ప్లే రికార్డులు వచ్చిన పిదప గాని అట్టి ప్రయత్నము సాధ్యపడదు. ఈ రెండింటికిని నడుమ ఎన్నో యేండ్లున్నను రూప మొక్కటే: పద్యము పాడుట, వెంటనే మామూలు మాటలలో అందుకొనుట. పుష్పవిలాపమున పద్యములను కలుపు మాటలున్నవి. గీతలో ఏరిన శ్లోకములకు తెలుగు తాత్పర్యమున్నది.

కన్నడ సోదరులతో కలసి బ్రతుకుచున్న మనకు ఈ రూపము క్రొత్త కాదు. కుమారవ్యాసుని భారతమును గమకి రాగముతో చదువుచుండగా వ్యాఖ్యాత అర్థము చెప్పు గమక సంప్రదాయమును మన మెరుగుదుము. ఘంటసాల ఆ రెండు పనులను ఒక్కడే చేసెను. మన ఉత్పలమాల, చంపకమాల, శార్దూల, మత్తేభములను కన్నడిగులు ఖ్యాత కర్ణాటక వృత్తములని తమవిగా చెప్పుకొందురు. ఇరువురకును ఉమ్మడియైన ఆస్తిని ఇరువురకును తెలిసిన రీతిలో పాడినవాడని ఆయనను భావింపవచ్చును. పెండ్యాల సంగీతమున వెలువడిన 1965 నాటి కన్నడ సత్యహరిశ్చంద్రలో, కులములందలి హెచ్చుతగ్గులను ప్రశ్నించుచు ఆయన పాడిన పాట మన కన్నడపు పొరుగిండ్లలో నేటికిని వినబడుచునేయున్నది.

ఈ రికార్డులను నెత్తికెత్తుకొనువారికి ఒక మాట చెప్పక తప్పదు. పుష్పవిలాపమున కరుణరసము ఒక్కొక్కచోట పొంగి పొరలినది. ఆ జాలిగొంతునే అనుకరించినవారివలన పద్యమన్న నేడ్పే యను అపప్రథ కొంత కలిగినది. గీతలో గాంభీర్యమున్నను, ఏ సమయమున చూచినను అదే వినిపించుటవలన, ముఖ్యముగ మృతుల యిండ్లకడ మ్రోగించుటవలన, దాని యర్థము మరుగై అది సూతకపు గుర్తుగ మిగిలినది. యుద్ధమునకు లెమ్మని చెప్పిన గ్రంథమును చావునకు గుర్తుగ మార్చుట గాయకుని దోషము కాదు, మనది. పై రెండింటిని నేను తరువాతి స్థానములలో నుంచుటకు వానిలోని ఏకరసతయే కారణము. రాయబార పద్యములలో నయము, ఎత్తిపొడుపు, హెచ్చరిక, క్రోధము ఒకదానివెంట నొకటి వచ్చును.

పాటల పక్షమువారు నాపై కోపగింపవచ్చును. ప్రజలు పాడుకొనునది పాటనుగాని పద్యమును కాదుగదా యని వారడుగుదురు. నిజమే. దేవదాసు పాటలకు, మాయాబజారు పాటలకు మన సహాయ మక్కరలేదు. అవి తమంత తామే బ్రతుకును. పిల్లలు వానిని ఎట్లయినను విందురు. పద్యమున కట్టి భాగ్యము లేదు. దానిని చేయిపట్టి నడిపింపవలెను. తెలుగు లిపి రాని పిల్లవానికి తిక్కనను చదివి చూపలేము, వినిపింపగలము. వినిపించుటకు ఘంటసాలకంటె స్పష్టమైన గొంతు మనకు లేదు.

కావున మన సంఘములవారు ఘంటసాల పేర సంగీతసభ జరుపునప్పుడు పది పాటలకు తోడుగ రెండు పద్యములను చేర్తురుగాక. పద్యమునకు ముందో వెనుకనో ఎవరైన నొక పెద్ద దాని యర్థమును వాడుకమాటలలో రెండు నిమిషములు చెప్పవలెను. అవసరమైనచో కన్నడమున చెప్పినను తప్పులేదు. ఏది మేటియను వాదము సాగుచునే యుండనిండు. వాదించుటకైనను పిల్లలు పద్యము వినియుండవలెను గదా.