సకినాల నెలలో క్లిప్పులు

మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. పై వరుసలో కుడివైపు కోరపన్ను పక్కదాని భుజమెక్కి కూర్చుంది. "పన్ను మీద పన్నుంటే అదృష్టం బిడ్డా, దాన్నెందుకు సదురుడు?" అంటుంది మా అత్తమ్మ. ఆ అదృష్టవంతురాలేమో ఎవరైనా ఫొటోకు ఫోన్ ఎత్తితే చాలు, మూతి బిగిస్తుంది.

పోయిన వేసవిలో హన్మకొండలో పళ్ల డాక్టరమ్మకు చూపించాం. ఎక్స్‌రేలు, దవడల అచ్చులు అయ్యాక "తీగ క్లిప్పులా, అలైనర్లా?" అని అడిగారు. అలైనర్లంటే పళ్లకు తొడిగే పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగులు. నేను ముందు ధరే అడిగాను. క్లిప్పులకు వేలల్లో, అలైనర్లకు లక్ష పైన. ఈసారి మూతి బిగుసుకోవడం నా వంతైంది.

"అలైనర్లయితే ఎవరికీ కనబడవు మమ్మీ" అంది పిల్ల. పద్నాలుగేళ్లప్పుడు కనబడకపోవడం చిన్న సంగతేమీ కాదు. అందుకే ఆ మాటను కొట్టిపారేయలేకపోయాను.

డాక్టరమ్మ ఒక లెక్క చెప్పారు. అలైనర్లు రోజుకు 20 నుంచి 22 గంటలు నోట్లో ఉండాలి. తినేటప్పుడు తీయాలి, తిన్నాక పళ్లు తోముకుని మళ్లీ పెట్టుకోవాలి. చాయ్ వేడికి ఆ ప్లాస్టిక్ వంకరపోతుంది. ఇంటికొచ్చి పిల్ల రోజంతా వేళ్ల మీద లెక్కేశాను. పొద్దున టిఫిన్, బడిలో బిస్కెట్లు, మధ్యాహ్నం డబ్బా, ట్యూషన్‌కు ముందు మిర్చిబజ్జి, రాత్రి అన్నం, ఆ తర్వాత ఫ్రిజ్ తలుపు చప్పుళ్లు. ఐదారుసార్లు తీయడం, ఐదారుసార్లు తోముకోవడం. బడిలో ఒక్క నల్లా ముందు నలభై మంది. తీసినదాన్ని టిష్యూలో చుట్టి డబ్బా పక్కన పెడితే, అది చెత్తబుట్టలో పడడానికి ఎంతసేపు? ఈ ఏడాది మా పిల్ల పోగొట్టిన నీళ్ల సీసాలే మూడు.

పన్ను జరపడమంటే గోడకున్న మేకు పీకి పక్కన కొట్టడం కాదు. పన్ను వేరుకూ ఎముకకూ మధ్య సన్నని నారపొర ఉంటుంది. పన్ను ఎటు ఒత్తితే అటువైపు ఎముక కరుగుతుంది, వెనకవైపు కొత్త ఎముక కడుతుంది. నెలకు ఒక మిల్లీమీటరు జరిగితే గొప్ప. తీగ లాగినా, ప్లాస్టిక్ నెట్టినా లోపల జరిగే పని ఇదే. ఆ ఒత్తిడి తెగకుండా ఎవరు చూసుకోవాలన్నదే తేడా. క్లిప్పులైతే పిల్ల మరిచిపోయినా వాటి పని అవి చేసుకుపోతాయి. మరీ పైకెక్కిన కోరపన్నును కిందికి దింపడం, తిప్పడం తీగకే తేలిక అని కూడా డాక్టరమ్మ అన్నారు.

అలైనర్ల పుట్టుక కథ నాకు భలే నచ్చింది. అమెరికాలో జియా చిష్తీ అనే కుర్రాడు పెద్దయ్యాక క్లిప్పులు పెట్టించుకున్నాడు. అవి తీశాక, సర్దిన పళ్లు కదలకుండా ఇచ్చిన రిటైనర్ తొడుగును సరిగ్గా పెట్టుకోక పళ్లు మళ్లీ జరిగాయి. రిటైనర్ పెట్టుకుంటే తిరిగి సర్దుకున్నాయి. అలాంటి తొడుగులు వరసగా మారుస్తూ పోతే పళ్లు మొత్తం సర్దవచ్చు కదా అనుకుని, 1997లో కెల్సీ వర్త్‌తో కలిసి కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీ అలైనర్లే ఇన్విజలైన్. 2008లో టీనేజీ పిల్లల కోసం తెచ్చిన రకానికి నీలం చుక్కలు పెట్టారు. నోట్లో ఉన్నకొద్దీ ఆ రంగు వెలిసిపోతుంది. పెట్టుకున్నారో లేదో డాక్టరుకు తెలిసిపోతుంది. నీళ్లలో నానబెట్టినా వెలుస్తుందని తర్వాత పరిశోధకులు తేల్చారనుకోండి! తయారు చేసినవాళ్లే పిల్లల మాట నమ్మనప్పుడు తల్లినైన నేనెంత?

నేనింకా తేల్చుకోకముందే పిల్ల తేల్చేసింది. "క్లిప్పులే పెట్టించు. అవైతే నువ్వు రోజూ పెట్టుకున్నావా, పెట్టుకున్నావా అని అడగవు."

డాక్టరమ్మ పంటి మీద నీలం జెల్ రాసి, కడిగి, గాలి పట్టారు. తడి ఆరిన పన్ను సుద్దముక్కలా తెల్లబడింది. పట్టుకారుతో గింజంత క్లిప్పును తెచ్చి, పంటి నడుమ ఆనించి, వెంట్రుకవాసి పైకి జరిపి నీలం లైటు వేశారు. ఆ వెంట్రుకవాసి కోసం ఆమె తల మూడుసార్లు వంచి చూశారు. తీగ నికెల్, టైటానియం కలిపింది. అమెరికా నావికాదళం ప్రయోగశాలలో పుట్టిన లోహం, 1970లలో పళ్లకొచ్చింది. వంకర పళ్ల వెంట వంకరగా కట్టినా తన విల్లు ఆకారం మరిచిపోదు, దానికోసం లాగుతూనే ఉంటుంది. రబ్బరు రింగులు తెల్లవి వద్దన్నారు డాక్టరమ్మ, పప్పులో పసుపుకు వారంలో పచ్చబడతాయట. పిల్ల గులాబీ రంగువి ఏరుకుంది. దాచుకోవాలన్న పిల్లే!

మొదటి వారం పెరుగన్నం, చెంప లోపల గీరుకుంటే మైనం ముద్ద. అలాగని అలైనర్లు పనికిరావని కాదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా చెల్లెలి కూతురు అలైనర్లతోనే పళ్లు చక్కగా సర్దుకుంది. ఆ అమ్మాయికి ఇరవై ఆరేళ్లు, ముందు పళ్లు కొద్దిగా పక్కకు ఒరిగాయంతే, పైగా గడియారం చూసి అన్నం తినే మనిషి. అలాంటివాళ్లకు నేనూ అవే చెబుతాను.

క్లిప్పులున్నన్నాళ్లూ డాక్టరమ్మ మాటలు మూడు: మక్కకంకి కొరకొద్దు, చెరుకు నమలొద్దు, సకినాల జోలికి పోవద్దు. ఈ మూడో మాట వరంగల్‌లో సంక్రాంతి నెలలో చెల్లుతుందా? భోగి నాడు వంటింట్లో కటుక్కుమంది. చూస్తే సకినంతో పాటు ఒక క్లిప్పు ఊడొచ్చింది. "జనవరిలో నాకిదే పని" అని డాక్టరమ్మ నవ్వుతూ మళ్లీ అతికించారు. అప్పటినుంచి అత్తమ్మ సకినాన్ని చాయ్‌లో నానేసి ఇస్తోంది.

"ఇవి ఎప్పుడు తీస్తారు?" అని అడిగింది పిల్ల. ఇంకో ఏడాదికి పైనేనని, ఆ తర్వాత ఏళ్ల తరబడి రోజూ రాత్రి పెట్టుకోవాల్సింది ఇదీ అని డాక్టరమ్మ సొరుగులోంచి ఒక రిటైనర్ తీసి చూపించారు. పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగు.

పిల్ల దాన్ని చూసి, నా వైపు చూసింది.