ఆపగలిగితేనే గాలిమర

ద్వారకా తిరుమల చుట్టూ ఆయిల్‌పామ్ తోటలున్న కుర్రాళ్లు, కొల్లేటి వైపు చేపల చెరువుల వాళ్లు సొంతంగా గాలిమర కడతామని నన్ను సలహా అడుగుతుంటారు. పీవీసీ గొట్టం చీల్చి రెక్కలు, పాత మోటారు అయస్కాంతాలతో జనరేటరు, డాబా మీద ఇనప గొట్టం. వాళ్ల ఉత్సాహమంటే నాకు ఇష్టం. అందుకే ముందు ఒకటే అడుగుతాను: దీన్ని ఎలా ఆపుతావు నాయనా?

గాలి వేగం రెండింతలైతే అందులోని శక్తి ఎనిమిదింతలవుతుంది. రెండు మీటర్ల వ్యాసమున్న రెక్కలకు సెకనుకు 4 మీటర్ల గాలి తగిలితే వచ్చే శక్తి సుమారు 120 వాట్లు. చేత్తో చేసిన మరకు అందులో పావు వంతు దక్కితే గొప్పే. అదే గాలి సెకనుకు 30 మీటర్లకు, అంటే గంటకు 108 కిలోమీటర్లకు చేరితే ఆ రెక్కల మీదికే 50 కిలోవాట్ల పైచిలుకు వచ్చి పడుతుంది. 1996 నవంబరు తుఫాను చూసిన గోదావరి జిల్లాల వాళ్లకు గాలి బలం గురించి వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి గాలి ముదిరితే రెక్కలు పక్కకు తిరిగిపోయేలా తోకను వాలు కీలు మీద బిగించాలి. జనరేటరు మూడు తీగలనూ ఒకచోట కలిపి రెక్కలను ఆపే స్విచ్ కింద చేతికందేలా ఉండాలి. దాన్ని గాలి తక్కువగా ఉన్నప్పుడే వేయాలి, ముదిరాక వేస్తే జనరేటరు తీగచుట్టలు కాలిపోవచ్చు. సోలార్‌ కంట్రోలర్ పెట్టి సరిపెట్టుకోకూడదు. బ్యాటరీ నిండగానే అది లైను తెంచేస్తే, భారం లేని రెక్కలు అదుపు తప్పి తిరుగుతాయి. మిగులు కరెంటును మింగే హీటరు కాయిల్ తప్పనిసరి. బ్యాటరీ గదిలోకి గాలి ఆడాలి, ఛార్జింగులో వెలువడే హైడ్రోజన్‌కు నిప్పురవ్వ చాలు.

ఇంటి వైరింగుకు గాలిమరను నేరుగా కలపడం అన్నిటికన్నా పెద్ద తప్పు. సరఫరా ఆగిందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్‌ను మన కరెంటు చంపగలదు.

డాబా మీద బిగిస్తే ఇల్లంతా అదురుతుంది, సుడిగాలులకు రెక్కలు అలసి విరుగుతాయి. చెట్లకూ మనుషుల నడకకూ దూరంగా, విద్యుత్ తీగల మీద పడే అవకాశమే లేనిచోట, స్టే వైర్లతో, నేల మీదికి వాల్చగలిగే స్తంభం నిలబెట్టాలి. తుఫాను హెచ్చరిక రాగానే వాల్చేయాలి.

చెరువుగట్టున దీపం వెలగడానికైతే సోలార్ పలక చాలు. గాలిమరను పని నేర్చుకోవడానికి కట్టండి. రెక్కలు బిగించే ముందే ఆపే ఏర్పాట్లన్నీ సిద్ధం చేసుకోండి.