పేరు చివరి పనితనం

కథ రాసేవాళ్లలో చాలామంది పాత్రకు పేరు వెతికేటప్పుడు ముందు అర్థం చూస్తారు. మంచివాడికి మంచి అర్థం, చెడ్డవాడికి కరకు శబ్దం. మన భాషలో అసలు సంగతి చెప్పేది చాలాసార్లు పేరు మొదట్లో ఉండదు, చివర్లో ఉంటుంది. అవధాన్లు, శాస్త్రి, పంతులు, రావు, నాయుడు, అయ్య, అమ్మ, గాడు. ఇంకా చిన్నవి కావాలంటే ఒట్టి ‘లు’, ఒట్టి ‘డు’, ఒట్టి సున్నా. మనిషి ఏ వీధివాడో, ఏం చేసి బతుకుతాడో, ఊళ్లో ఎవరికి ఎంత లోకువో ఆ చివరి ముక్క చెప్పేస్తుంది. ఈ సంగతి ఉత్తరాంధ్ర రచయితలకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. ముఖ్యంగా గురజాడ అప్పారావుకు, కాళీపట్నం రామారావుకు.

‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. ఇప్పుడు మనం చదువుతున్నది గురజాడ బాగా పెంచి, తిరగరాసి 1909లో తెచ్చిన రెండో కూర్పు. దాంట్లో పాత్రల పట్టిక ఒక్కటే తీసుకుని పైకి చదివి చూడండి. అగ్నిహోత్రావధాన్లు, లుబ్ధావధాన్లు, రామప్పంతులు, కరటక శాస్త్రి, సౌజన్యారావు పంతులు, భీమారావు పంతులు, గిరీశం, వెంకటేశం, మధురవాణి, బుచ్చమ్మ, మీనాక్షి, పోలిశెట్టి, గవరయ్య, అసిరి. కథ మొదలవకముందే విజయనగరం చుట్టుపక్కల సమాజం మెట్లు మెట్లుగా కనిపిస్తుంది.

గుణాన్నే పేరుగా పెట్టడం కొత్తేమీ కాదు. ‘ప్రబోధచంద్రోదయం’లో వివేకుడు, మోహుడు లాంటివాళ్లు రాజులై యుద్ధం చేస్తారు. సంస్కృతంలో కృష్ణమిశ్రుడు రాసిన ఆ నాటకాన్ని నంది మల్లయ, ఘంట సింగయలు తెలుగులో ప్రబంధం చేశారు. అక్కడ పేరంటే గుణమే, ఇంకేమీ లేదు. ఆ మనుషులకు ఊరు లేదు, ఇల్లు లేదు. గురజాడ కూడా లోభికి లుబ్ధుడనే పేరు పెట్టాడు. కానీ దాని వెనక ‘అవధాన్లు’ తగిలించాడు. దాంతో ఆ లోభి వేదం చదివిన ఇంటివాడయ్యాడు, రామచంద్రపురం అగ్రహారంలో ఒక గడప దొరికింది.

ఇందులో ఇంకో నేర్పుంది. లోకంలో ఏ తల్లీ బిడ్డకు లుబ్ధుడని పేరు పెట్టదు. అగ్నిహోత్రావధాన్లు అలా కాదు. ఏ అగ్రహారంలోనైనా ఆ పేరున్న మనిషి ఉండవచ్చు. అగ్నిహోత్రం ఇంట్లో వెలిగేదే, ఆ పేరూ ఇంట్లో పుట్టేదే. ఆయన కోపం తెలిశాక గానీ ఆ పేరులో నిప్పు మనకు కనపడదు. గురజాడ ఈ నమ్మదగిన పేరును, నమ్మశక్యం కాని లుబ్ధావధాన్లును పక్కపక్కన పెట్టాడు. రెండూ ఒకే తూకంలో, ఒకే చివరతో వినిపిస్తాయి కాబట్టి మొదటిదాని నిజం రెండోదానికీ అంటుకుంటుంది. లుబ్ధావధాన్లు అసలు పేరేమిటని నాటకం చూసేవాళ్లెవరూ అడగరు. ఊరివాళ్లు పెట్టిన మారుపేరే అసలు పేరై కూర్చుందని మనసు దానంతట అదే సర్దుకుంటుంది.

ఈ లెక్కన చూస్తే నాటకం మొత్తంలో నాకు కాస్త పలచగా తోచిన పేరు సౌజన్యారావు పంతులు ఒక్కటే. జనం దోషానికి మారుపేరు పెడతారు గానీ మంచితనానికి పెట్టరు. ఆ పేరు ఊళ్లో పుట్టినట్టుండదు, రచయిత బల్ల మీద పుట్టినట్టుంటుంది. అయితే దాని చివర ఉన్న ‘రావు’, ‘పంతులు’ మాత్రం సరిగ్గా అమరాయి. అవధాన్లు, శాస్త్రి వైదికుల పేర్ల చివర వస్తాయి. పంతులు నియోగి. ఉద్యోగాలు, కచేరీలు, కోర్టులు ఎవరి చేతిలో ఉన్నాయో, అగ్రహారాలు, మంత్రాలు ఎవరి చేతిలో ఉన్నాయో ఈ చివరలే చెబుతాయి. వకీళ్లు సౌజన్యారావు, భీమారావు ఇద్దరూ పంతుళ్లే. కోర్టు వ్యవహారాల్లో తనంతవాడు లేడని చెప్పుకునే రామప్పంతులూ పంతులే. ఒకే బిరుదు కింద న్యాయం చూసేవాడూ ఉన్నాడు, దొంగ దస్తావేజులు పుట్టించేవాడూ ఉన్నాడు. ఈ తేడాను గురజాడ ఎక్కడా వివరించలేదు. నాటి ప్రేక్షకులకు వివరించవలసిన అవసరమూ లేదు.

ఇన్ని బిరుదుల మధ్య గిరీశం పేరు ఎలా నిలబడిందో చూడండి. శాస్త్రి లేదు, పంతులు లేదు, రావు లేదు. ఒట్టి సున్నాతో ముగుస్తుంది. కోస్తాలో వెంకటేశం, పార్వతీశం, సోమేశం లాంటి పేర్లు ఇంటింటా ఉండేవి. ఇంట్లో పిలిచే చనువు, బడిలో చదివే కుర్రతనం ఆ సున్నాలో ఉన్నాయి. ఏ వృత్తీ, ఏ నిలకడా లేని గిరీశానికి ఏ బిరుదూ అంటుకోకపోవడం ఎంత సబబు! ఇక అతని శిష్యుడి పేరు వెంకటేశం. గిరికి ఈశుడొకడు, వేంకటగిరికి ఈశుడొకడు. ఇద్దరూ కొండ మీది దేవుళ్లే, ఒకడు శివుడు, ఒకడు విష్ణువు. గురువు పేరు చివరే శిష్యుడి పేరు చివర. గిరీశం తయారుచేస్తున్నది ఇంకో చిన్న గిరీశాన్నేనని ఆ రెండు పేర్లూ వరుసగా పలికినప్పుడే చెవికి తెలుస్తుంది. గురజాడ కావాలని చేసినా, చెవికి తోచి చేసినా పనితనంలో తేడా రాదు. చెవి కూడా రచయితదే.

కరటక శాస్త్రి పేరు దగ్గర కాసేపు ఆగాలి. పంచతంత్రంలో కరటకుడు, దమనకుడు అని రెండు నక్కలున్నాయి. సింహానికీ ఎద్దుకూ మధ్య స్నేహం చెడగొట్టి లాభం పొందింది దమనకుడు. ఇది తగని పని అని హెచ్చరించినవాడు కరటకుడు. ఎత్తులు వేసే శాస్త్రికి దమనకుడి పేరు పెట్టడమే సులువు, అందరికీ వెంటనే తోచేదీ అదే. గురజాడ కరటకుణ్ణి ఎంచుకున్నాడు. శాస్త్రి ఎత్తు వేసినది తన లాభానికి కాదు, మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్ల చేతిలో పడకుండా తప్పించడానికి. నక్క తెలివి ఉంది, కానీ దమనకుడి దుర్బుద్ధి లేదు. రెండు పేర్లలో ఏది తీసుకోవాలన్న ఆ చిన్న ఎంపికలో పాత్ర మీద రచయిత తీర్పు ఉంది.

ఆడవాళ్ల పేర్లలో బుచ్చమ్మకు, వెంకమ్మకు ‘అమ్మ’ ఉంది. పూటకూళ్లమ్మకు పేరే లేదు, ఆమె చేసే పనే పేరు. లుబ్ధావధాన్లు కూతురు, చిన్నప్పుడే భర్త పోయిన మీనాక్షి పేరు చివర ‘అమ్మ’ చేరలేదు. మధురవాణికీ ఏమీ చేరలేదు. కానీ ఈ రెండు లేకపోవడాలూ ఒకటి కావు. మీనాక్షికి ఆ గౌరవం దక్కలేదు, మధురవాణికి ఆ గౌరవంతో పని లేదు. తంజావూరు రఘునాథ నాయకుడి ఆస్థానంలో సంస్కృతంలో రామాయణ కావ్యం చెప్పిన విదుషిని మధురవాణి అనే పిలిచారు. ఆ పేరులో చదువు, సంగీతం, సభ అన్నీ ఉన్నాయి. నాటకంలో అందరికన్నా మాట తెలిసిన మనిషి ఆమె. కులం, బిరుదు, బంధుత్వం ఏదీ మోయకుండా ఒక్క వాక్కుతోనే పేరు పూర్తయిన మనిషి కూడా ఆమే. ఇంతకన్నా నిండుగా ఒక పాత్రకు పేరు పెట్టడం కష్టం.

పట్టిక అడుగున ఉన్న అసిరి పేరు మనం తొందరగా దాటేస్తాం. అలా దాటకూడదు. అసిరితల్లి ఆ ప్రాంతపు గ్రామదేవత. సింహాచలం అప్పన్న నుంచి అప్పలస్వామి, అప్పలనర్సయ్య, విజయనగరం పైడితల్లి నుంచి పైడిరాజు, పైడమ్మ, అనకాపల్లి నూకాలమ్మ నుంచి నూకరాజు వచ్చినట్టే అసిరి, అసిరయ్య అనే పేర్లు వచ్చాయి. పై వరసలో ఉన్నవాళ్లకు శివుడి పేర్లు, విష్ణువు పేర్లు, వేదంలో మాటలు దక్కాయి. పనివాడికి ఊరి పొలిమేర దేవత దక్కింది. పైగా పిలుపులో చివర ‘గాడు’. ఆ దేవత పేరును అక్షరం మార్చకుండా నాటకంలోకి తెచ్చాడు గనకే అసిరి ఆ నేల మీద పుట్టినవాడిగా నిలిచాడు.

గురజాడ తర్వాత వచ్చిన రావిశాస్త్రి ‘అల్పజీవి’ నవలలో భయస్తుడి పేరు సుబ్బయ్య. నవల పొడుగునా ఎవరూ లెక్కచేయని మనిషి పేరు చివర ‘అయ్య’ ఉంది. అతన్ని బెదరగొట్టే కంట్రాక్టరు పేరు గవరయ్య. అక్కడా అదే ‘అయ్య’. ఒకే గౌరవవాచకం ఒకరికి పేరులోనే మిగిలిపోయింది, ఇంకొకరికి ఊళ్లో నిజంగా చెల్లింది. ఆ నవలలో పేర్ల గురించి ఇంతకుమించి చెప్పనక్కర్లేదు.

ఈ చివరలకు అన్ని కాలాల్లోనూ ఒకే విలువ ఉండదు. వీరేశలింగం 1878లో రాసిన ‘రాజశేఖర చరిత్రము’లో నాయకుడు రాజశేఖరుడు. గ్రంథభాషలో ‘డు’ ఏ లోకువా లేని నిండు రూపం. రాముడున్న వరసలోనే రాజశేఖరుడూ ఉన్నాడు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’కి వచ్చేసరికి నాయకుడు రాజశేఖరం అయ్యాడు. పేరు అదే, కాలం మారింది, చివర మారింది. ఊళ్లో, నోటి మాటలో అయితే ‘డు’ సంగతి వేరు. అక్కడ అది కూలివాడి పేరుకే మిగిలింది. ఈ తేడా మీదే ‘యజ్ఞం’ పేర్లు నిలబడి ఉన్నాయి.

కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ 1964 నాటి కథ. సుందరపాలెంలో పంచాయితీ. తీర్పు చెప్పే పెద్ద శ్రీరాములు నాయుడు. అప్పు పడ్డవాడు అప్పల్రాముడు. అతని కొడుకు సీతారాముడు. ముగ్గురి పేర్లలోనూ రాముడే ఉన్నాడు. ఊరికి రాముడు ఒక్కడే, కానీ పెద్దకు ‘రాములు’ అయ్యాడు, పేదవాడికి ‘రాముడు’ అయ్యాడు. ఒక బహువచనం, ఒక ఏకవచనం. ముందు ‘శ్రీ’, వెనక ‘నాయుడు’ ఒకరికి. ముందు అప్పన్న, వెనక ఏమీ లేకపోవడం ఇంకొకరికి. దేవుణ్ణి అందరూ పంచుకున్నారు గానీ మర్యాదను పంచుకోలేదని కథలో ఎవరూ అనరు. పేర్లే అంటాయి.

ఇక అప్పల్రాముడు. ఆ ప్రాంతంలో అప్పల అని మొదలయ్యే పేరు కన్నా మామూలు పేరు లేదు. అది సింహాద్రి అప్పన్న పేరు. కానీ ఇది అప్పు కథ. పంచాయితీలో ఆ పేరు పిలిచిన ప్రతిసారీ ‘అప్పు’ వినిపిస్తుంది. ముళ్లపూడి వెంకటరమణ ‘ఋణానందలహరి’లో అప్పులు చేసేవాడికి అప్పారావని పేరు పెట్టినప్పుడు ఆ మోత బాహాటంగా, హాస్యం కోసం వినిపిస్తుంది, అక్కడ అదే సరి. రామారావు కథలో ఆ మోత ఎవరి దృష్టికీ రాదు. అప్పల్రాముడు నవ్వించడు, రచయిత కన్నుగీటడు. తల్లిదండ్రులు దేవుడి పేరే పెట్టారు, బతుకు దాన్ని అప్పు పేరు చేసింది.

సీతారాముడి పేరు మరీ లోతైనది. తండ్రి ఇచ్చిన మాట కోసం రాజ్యం వదిలి అడవికి పోయినవాడు రాముడు. ఈ కథలో తండ్రి అప్పల్రాముడు తన మాటకు, ఊరి ధర్మానికి తలవంచి భూమి వదులుకోవడానికి సిద్ధపడతాడు. కొడుకు సీతారాముడు ఆ మాటకు కట్టుబడి తరతరాలు పాలేరుతనం చేయడానికి ఒప్పుకోడు. తన బిడ్డకు ఆ బతుకు వద్దని, తన చేతులతోనే చంపి తెచ్చి పంచాయితీ ముందు పెడతాడు. పితృవాక్యపాలన చేసినవాడి పేరునే, దానికి ఎదురుతిరిగిన కొడుక్కి పెట్టాడు రచయిత. పేరు మారిస్తే కథ అలాగే నడుస్తుంది. అప్పలస్వామి కొడుకు నూకరాజైనా ఆ బిడ్డ చావు మన గుండె మీద అంతే పడుతుంది. కానీ ఊరి పెద్ద చెప్పే ధర్మం ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎవరు దాన్ని తిప్పికొట్టారో అంత స్పష్టంగా ఉండదు. రామాయణం ఊసెత్తకుండా రామాయణాన్ని పంచాయితీ ముందు నిలబెట్టిన పేరు అది.

తెలుగు కథలో పాత్రలకు పెట్టిన పేర్లలో నేను ఈ మూడింటికి, ముఖ్యంగా అప్పల్రాముడికి, పై చోటు ఇస్తాను. మధురవాణిది ఆ వెంటనే.

ఇప్పుడు రాస్తున్నవాళ్లకు ఒక మనవి. మన కథల్లోకి ఏ ఊరివో తెలియని, చివర ఏమీ లేని రెండక్షరాల పేర్లు చాలా వచ్చాయి. పట్నంలో పుట్టిన కుర్రవాడికి అవి తగినవే, అక్కడ అవే నిజం. కానీ శ్రీకాకుళం పల్లెలోనో, పాలమూరు తండాలోనో, అనంతపురం మెట్టలోనో నడిచే కథకు పేరు అక్కడి గుడి దగ్గర, బడి హాజరుపట్టీలో, రేషన్ కార్డుల్లో వెతకండి. దొరికాక ఆ మనిషిని తల్లి ఏమని పిలుస్తుందో, అప్పిచ్చినవాడు ఏమని పిలుస్తాడో, పెద్దకులపు పిల్లవాడు ఏమని పిలుస్తాడో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాతే మొదటి వాక్యం మొదలుపెట్టండి.