వెళ్ళాం, వెళ్తూండేవాళ్ళం: ఒక ప్రవాస నివాస రచన పరిశీలన

తెలుగులో యాత్రారచనకు దాదాపు రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. దానికి మొదట నిలిచే ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్నం వారు కావటం, ఆంధ్ర, తెలంగాణాలకు వెలుపల తెలుగు చదువుకుంటున్న మన విద్యార్థులు గుర్తుంచుకోవలసిన సంగతి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగం చేసిన ఆయన 1830 మే నెలలో బయలుదేరి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. ఆ గ్రంథ నిర్మాణానికి మూలం మజిలీ. ఒక ఊరు చేరటం, అక్కడి దారి, నీరు, దొరికే వస్తువులు, మనుషుల తీరు చెప్పటం, మర్నాడు మరో ఊరికి సాగటం, ఇదీ వరస. ప్రయాణానికి అది సహజమైన రూపం. తరువాత వచ్చిన యాత్రారచనల్లో చాలా భాగం బండి మార్చాయి గాని ఈ వరస మార్చలేదు.

ఇటీవలి దశాబ్దాల్లో మరో రకం రచన పెరిగింది. ఉద్యోగ విరమణ చేసిన దంపతులు విదేశంలో కొడుకు దగ్గరో కూతురి దగ్గరో ఆరునెలలు, ఏడాది ఉండివచ్చి రాసేది. దీన్నీ మనం యాత్ర అనే పిలుస్తున్నాం. కాని ఇందులో యాత్ర ఎంత? విమానం ఎక్కిన రోజూ దిగిన రోజూ తీసేస్తే మిగిలిందంతా ఒక ఇల్లు, ఒక వీధి, ఒక అంగడి. ఇది నివాసం. నివాసాన్ని యాత్ర రూపంలో రాస్తే పోయేదేమిటి అన్నది ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన ప్రశ్న.

పరిశీలనకు మేము తీసుకున్నది ఇంకా అచ్చు కాని ఒక రాతప్రతి. రాసినవారు బరంపురంలో మూడు తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబానికి చెందిన దంపతులు. పేర్లు వద్దన్నారు. భర్త రైల్వే అకౌంట్సు విభాగంలో పనిచేశారు. భార్య ప్రాథమిక పాఠశాలలో తెలుగు చెప్పారు. కూతురు ఆస్ట్రేలియాలో డాక్టరు. 2023 ఆగస్టు నుంచి పదకొండు నెలలు న్యూ సౌత్ వేల్స్‌లోని లీటన్ అనే ఊళ్ళో ఆమె ఇంట్లో ఉన్నారు. రాతప్రతి 140 పుటలు. మొదటి 96 ఆయనవి, చివరి 44 ఆమెవి. పుస్తకం వేయాలని పిల్లల కోరిక. ఆమె భాగం వంటింటి కబుర్లనీ, బాగా తగ్గించి ఆయన భాగానికి అనుబంధంగా వేస్తే చాలుననీ బంధువుల సలహా. మా అభిప్రాయం అడిగారు. అది బంధువుల సలహాకు పూర్తిగా వ్యతిరేకం. కారణాలు విద్యార్థులకు పనికివస్తాయని ఇక్కడ వివరిస్తున్నాము.

మొదట ఊరి సంగతి. లీటన్ సిడ్నీకి పడమట సుమారు 550 కిలోమీటర్ల దూరాన, మరంబిడ్జీ నది నీటి కాలవల కింద పుట్టిన ఊరు. 1912లో కాలవల్లో నీళ్ళు పారాయి, 1913లో ఊరు వెలసింది. కాన్‌బెర్రా నగరానికి రూపకల్పన చేసిన వాల్టర్ బర్లీ గ్రిఫిన్ దీనికీ నక్షా గీశాడు. చుట్టుపక్కల వరి పండుతుంది. వరి రైతులు 1950లో పెట్టుకున్న సహకార సంఘం నేడు సన్‌రైస్ అనే పెద్ద సంస్థ. దాని ప్రధాన కార్యాలయం ఈ ఊళ్ళోనే ఉంది.

ఇంత లోపలి ఊరికి మన డాక్టరు ఎందుకు వెళ్ళింది? విదేశాల్లో చదివివచ్చిన డాక్టర్లు సాధారణంగా పదేళ్ళదాకా వైద్యుల కొరత ఉన్న ప్రాంతాల్లో పనిచేస్తేనే ప్రభుత్వ వైద్య బీమా చెల్లింపులకు అర్హులయ్యే నిబంధన 1997 నుంచి ఆ దేశంలో అమలులో ఉంది. మన తల్లిదండ్రులు పటంలో వెతుక్కోవలసిన ఊళ్ళకు చేరటానికి ఇదొక ముఖ్య కారణం. భర్తగారి రచనలో ఇది లేదు. కూతురు ప్రశాంతత కోరి ఆ ఊరు ఎంచుకున్నట్టు ఆయన రాశారు. భార్య రాసినదాంట్లో మాత్రం ఇంకా ఎన్నేళ్ళు మిగిలిందో కూతురు లెక్కపెట్టుకునే మాట ఒకటికి రెండుసార్లు వస్తుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. భర్తగారి 96 పుటల్లో 70 పుటలు సిడ్నీ, కాన్‌బెర్రా, మెల్‌బోర్న్, గోల్డ్ కోస్ట్ విహారాలవి. ఆ విహారాలన్నీ కలిపి 19 రోజులు. మిగిలిన పది నెలల పైచిలుకు కాలానికి 26 పుటలు. అంటే ఉన్న ఊరు ఆయన దృష్టిలో ఊళ్ళ మధ్య విరామం. ఆయన రాయలేని మనిషి కారు. ఒపేరా హౌస్ మెట్ల వర్ణనలో మంచి చూపు ఉంది. లోపం చూపులో లేదు, చేతికి అందిన రూపంలో ఉంది. మజిలీ లేనిచోట చెప్పటానికి ఏమీ లేదని ఆ రూపం ఆయనకు నేర్పింది.

క్రియారూపాలను గమనిస్తే ఇది మరింత స్పష్టమవుతుంది. ఆయన వాక్యాలు దాదాపు అన్నీ 'వెళ్ళాం, చూశాం, తిన్నాం, తిరిగొచ్చాం' అని ముగుస్తాయి. ఒక్కసారి జరిగి ముగిసిన పనిని చెప్పే రూపం ఇది. ఆమె వాక్యాలు 'వెళ్ళేవాళ్ళం, వెళ్తూండేవాళ్ళం, కూర్చునేవాళ్ళం' అని ముగుస్తాయి. అలవాటుగా జరిగిన పనిని చెప్పే ఈ రూపాన్ని విద్యార్థులు విడదీసి చూడాలి. 'వెళ్ళే' అనే విశేషణం, దాని మీద 'వాళ్ళం' అనే పురుషబోధక నామం. రూపం దృష్ట్యా దీని అర్థం 'మేము వెళ్ళే మనుషులం' అని. జరిగిన పని కంటే ఆ పని చేస్తూ చేస్తూ తయారైన మనిషిని చెప్పే నిర్మాణం మన భాషలోనే ఉంది. యాత్రకు మొదటి రూపం చాలు. నివాసానికి రెండోది కావాలి. ఆమె ఏ సిద్ధాంతమూ చదవకుండానే సరైన రూపాన్ని పట్టుకున్నారు.

ఇద్దరూ చెప్పిన ఒక్క సంఘటనను పోల్చి చూద్దాం. పొరుగింటి పెద్దావిడ సాయంత్రం విందుకు పిలిచి, వచ్చేటప్పుడు ఒక 'ప్లేటు' తెమ్మంది. దంపతులు రెండు ఖాళీ పళ్ళేలు పట్టుకు వెళ్ళారు. ఆస్ట్రేలియా వాడుకలో ఆ మాటకు ఏదైనా వండి తీసుకురమ్మని అర్థం. ఆ దేశానికి వెళ్ళిన అనేక జాతులవాళ్ళు ఈ కథ తమ మీద చెప్పుకుంటారు. కనుక సంఘటనలో కొత్తదనం లేదు. రచయిత దానితో ఏం చేశారన్నదే విమర్శకు ముఖ్యం. భర్తగారు అందరూ నవ్వారని రాసి అక్కడితో ఆపారు. ఆమె ఆ నవ్వు దగ్గర మొదలుపెట్టారు. తరువాతి నెల పులిహోర చేశారు. ఆ ఊరి వరి చాలావరకు మధ్యరకం గింజ, మన సన్న బియ్యంలా పొడిపొడిగా ఉండదు. పులిహోర ముద్దయింది. ఆ పైనెల గంజి వార్చి, అన్నం పళ్ళెంలో ఆరబెట్టి మళ్ళీ చేశారు. అయిదో నెలకు పొరుగావిడే బియ్యం పొట్లం చేత్తో పట్టుకువచ్చి దీనికి ఇది పనికివస్తుందా అని అడిగింది. ఒక మాట అర్థం తెలియటానికి ఒక సాయంత్రం చాలు. ఆ మాట వాడే మనుషుల మధ్య మసలటానికి అయిదు నెలలు పట్టింది. వంటింటి కబుర్లుగా కొట్టేయమన్న పుటలు ఇవే.

వరి గురించి ఆమె రాసిన ఆరు పుటలు రాతప్రతిలో ఉత్తమమైనవి. గంజాం వరిపొలాల మధ్య పుట్టిన ఆమెకు అక్కడి పొలం మొదట అర్థం కాలేదు. అక్టోబరులో విత్తటం, మార్చి నుంచి కోత, ఏడాదికి ఒకే పంట. మొలకెత్తిన విత్తనాన్ని నీళ్ళు నిలిపిన మళ్ళలోకి విమానం నుంచి చల్లటం అక్కడి పాత పద్ధతి. ఇప్పుడు యంత్రంతో నేలలో విత్తటం పెరిగింది. ఊడ్పులు లేవు, కుప్పలు లేవు, గట్టు మీద మనిషి లేడు. హెక్టారుకు పది టన్నుల దిగుబడి. భర్తగారు ఆ అంకెకు ఆశ్చర్యపోయి మన రైతు వెనుకబాటుతనం మీద ఒక పేరా రాశారు. ఆమె మాత్రం ఇన్ని గింజలు పండే చోట అన్నం పెట్టించుకునే కూలిమనిషి ఒక్కరూ ఎందుకు కనపడరని అడిగారు. నీళ్ళు లేని ఏడు ఏమవుతుందని పొరుగాయన్ని అడిగి తెలుసుకున్నారు. కరువు ముదిరిన 2008లో ఆ దేశపు వరి కోత మొత్తం ఇరవై వేల టన్నుల లోపే. మంచి ఏళ్ళలో అది పది లక్షల టన్నులు దాటుతుంది. దిగుబడి పటాన్ని, ఎండిన కాలవను ఒకే పుటలో పెట్టగలగటం మామూలు విషయం కాదు.

ఆమెకు ఈ చూపు ఎక్కడిది? భర్తగారు పోల్చినప్పుడల్లా ఒకవైపు ఇండియా, మరోవైపు ఆస్ట్రేలియా. ఆమె పోలిక ఎప్పుడూ బరంపురంతోనే. ఒడియా బజారులో తెలుగు ఇంటి పిల్లగా పెరిగి, బేరానికి ఒక భాష, కోపానికి ఒక భాష వాడుకున్న అలవాటు ఆమెది. ఎదుటివారి మాట సగం అర్థమైనప్పుడు తొందరపడకుండా ఉండటం ఆ అలవాటులో భాగం. హోసూరులో, బళ్ళారిలో, షోలాపూరులో, యానాంలో పెరిగిన మన విద్యార్థులకు ఇది పుట్టుకతో వచ్చిన విద్య. దాన్ని లోపంగా కాక సాధనంగా చూడటం ఈ పుటల నుంచి నేర్చుకోవచ్చు.

సర్వనామాల సంగతి కూడా చెప్పాలి. వినేవారిని కలుపుకుంటే 'మనం', విడిచిపెడితే 'మేము'. తమిళంలో నామ్, నాంగళ్, మరాఠీలో ఆపణ్, ఆమ్హీ ఈ తేడా చూపుతాయి. నేటి కన్నడంలో 'నావు' ఒక్కటే. ఇంగ్లీషులోనూ ఒక్కటే. ఆమె భాగంలో మొదటి ముప్పై పుటలూ 'మేమిద్దరం'. కోతల కాలం వచ్చాక ఒకచోట, ఈసారి మన కాలవకి నీళ్ళు తగ్గాయట, అన్న భావంలో 'మన' వచ్చింది. ఎవరితో కలిసిన 'మన' అది? పాఠకులతో కాదు, లీటన్ వీధితో. ఆమె దాన్ని గమనించి రాసినట్టు లేదు. తిరుగు ప్రయాణపు పుటల్లో మళ్ళీ 'మేమిద్దరం' అయిపోయింది. సంపాదకులెవరైనా ఆ 'మన'ను పొరపాటుగా భావించి దిద్దితే రచన ప్రాణం పోతుంది.

మరో విషయం భర్తగారు పూర్తిగా దాటవేశారు. సందర్శక వీసా మీద ఉన్నవారు ఉద్యోగం చేయకూడదు. మన దేశం నుంచి వెళ్ళిన సందర్శకులకు అక్కడి ప్రభుత్వ వైద్య బీమా వర్తించదు. ముప్పై ఏళ్ళు సొంత జీతం తీసుకున్న ఆమె, పాత సామాన్ల దుకాణంలో రెండు డాలర్ల గిన్నె కొనటానికి కూతుర్ని డబ్బు అడగలేక మూడు వారాలు ఆగిన సంగతి ఎనిమిది వాక్యాల్లో రాశారు. కూతురి మీద ఫిర్యాదు లేదు, కన్నీరు లేదు. పిల్లల గొప్ప చెప్పటానికే పుట్టినట్టున్న ఈ రచనాప్రక్రియలో ఇంత నిజాయతీ అరుదు. ఇంట్లోవారికి ఇబ్బంది కలిగించేదీ ఇదేనని మేము గ్రహించాము. అయినా ఇది ఉండాలి.

ఆమె రచన లోపరహితం కాదు. తేదీలు సరిగా లేవు. విషయం పునరుక్తమవుతుంది. అంతకంటే పెద్ద లోపం ఇద్దరిలోనూ ఉంది. లీటన్ ఉన్న నేల విరాజురి జాతివారిది. మాట్లాడేవారు దాదాపు మిగలని దశ నుంచి ఆ భాషను తిరిగి నిలబెట్టే పని అక్కడ జరుగుతోంది. స్టాన్ గ్రాంట్ సీనియర్, జాన్ రడర్ నిఘంటువు కూర్చారు. చార్ల్స్ స్టర్ట్ విశ్వవిద్యాలయంలో ఆ భాషకు కోర్సు ఉంది. దారిలో తగిలే వాగా వాగా ఊరి పేరు మీద భర్తగారు హాస్యమాడారు. అది విరాజురి మాట రెట్టించిన పేరు. మన 'ఊరూరా, ఇంటింటా' లాగే రెట్టింపుతో బహుత్వం చెబుతుంది. కాకులు చాలా ఉన్న చోటని చాలాకాలం అర్థం చెప్పారు. 2019లో నగరపాలక సంస్థ దాన్ని విడిచి, విరాజురి పెద్దలు చెప్పిన నాట్యాలు, వేడుకలు అనే అర్థాన్ని స్వీకరించింది. ఆ ఖండపు ఆదివాసి భాషల్లో చాలావాటికి మన 'మనం, మేము' తేడా ఉంది. 'మేమిద్దరం' అనటానికి విడిగా ద్వివచనమూ ఉంది. సొంత భాషను పరాయి నేల మీద మూడు తరాలు కాపాడుకున్న దంపతులు, సొంత నేల మీదే భాష పోగొట్టుకున్నవారి పక్కన పదకొండు నెలలుండి ఒక్క మాట రాయకపోవటం విచారకరం. ఇది వారి ఒక్కరి లోపం కాదు. వారు చూసిన ఊరు వారికి ఇంగ్లీషులోనే పరిచయమయింది.

మా సిఫారసు ఇది. ఆమె 44 పుటలు ముందు, యథాతథంగా, బరంపురం తెలుగు మార్చకుండా వేయాలి. ఆయన లీటన్ గురించి రాసిన 26 పుటలు తరువాత రావాలి. విహారాల 70 పుటలు పదికి కుదించవచ్చు. పుస్తకం పేరులో యాత్ర అనే మాట ఉండకూడదు.

ఇలాంటి నివాసాలు ఇక తగ్గవు. తల్లిదండ్రులు ఒక్కవిడతలో మూడేళ్ళు, అయిదేళ్ళు ఉండే తాత్కాలిక వీసాను ఆస్ట్రేలియా 2019లో ప్రవేశపెట్టింది. మీలో చాలామంది ఇళ్ళల్లో అలా వెళ్ళివచ్చిన తాతయ్యలు, అమ్మమ్మలు ఉంటారు. వారి దగ్గర కూర్చున్నప్పుడు ఏమేం చూశారని అడిగితే వారు ఒపేరా హౌస్ చెబుతారు. మంగళవారం పొద్దున ఏం చేసేవారని అడగండి. చెప్పింది చెప్పినట్టు, క్రియలు మార్చకుండా రాసుకోండి.