అందరికీ మూడు శాతం

కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో ఇంక్రిమెంటు కలిసిన నెల కూడా మామూలు నెలే. జనవరిలోనో జులైలోనో మూల వేతనం మీద 3 శాతం పడుతుంది. స్లిప్పులో ఒకసారి చూసుకుంటారు, మడిచి జేబులో పెట్టుకుంటారు. పొద్దున్నే వచ్చి సీట్లో కూర్చునేవాడికీ అంతే, సంతకం పెట్టి టీకి పోయి మధ్యాహ్నం తేలేవాడికీ అంతే.

బిల్లుల సెక్షన్లో చాలాకాలం ఉన్నాను కాబట్టి చెబుతున్నా, ఆ 3 శాతం అందరికీ ఒకటి కాదు. ఏడో వేతన సంఘం పట్టికలో 18,000తో చేరిన అటెండరు మొదటి ఇంక్రిమెంటుతో 18,500కు చేరతాడు. 56,100తో చేరిన అధికారి 57,800కు. ఒకరికి 500, ఇంకొకరికి 1,700. కందిపప్పు మాత్రం ఇద్దరికీ ఒకటే రేటు. అయినా ఈ తేడా మీద అటెండర్లు పేచీ పెట్టగా నేను చూళ్ళేదు. ఆఫీసరుతో వాళ్ళకు పోటీ ఏముంది? కడుపుమంటంతా పక్క సీటుతోనే. అదే స్కేలు, అదే సీనియారిటీ. తన బల్ల మీద ఫైళ్ళ గుట్ట, అవతలి బల్ల మీద సగం నింపిన పదవినోదం.

రాష్ట్రాల్లోనూ ఇదే తంతు. 2015 ఫిబ్రవరిలో తెలంగాణ వేతన సవరణలో 43 శాతం ఫిట్‌మెంట్ ఇస్తే, రోజుల తేడాతో ఆంధ్రప్రదేశ్ కూడా 43 ఇవ్వాల్సి వచ్చింది. 2022లో ఆంధ్రలో అందరికీ సమానంగానే 23 శాతం ప్రకటించారు. అప్పటికే 27 శాతం మధ్యంతర భృతి అందుకుంటున్నారు, పక్క తెలంగాణలో చూస్తే ఫిట్‌మెంట్ 30. ‘రివర్స్ పీఆర్సీ’ (జీతం తగ్గించే వేతన సవరణ) అంటూ ఉద్యోగులు ఫిబ్రవరి 3న విజయవాడ వీధులు నింపేశారు.

పోనీ పనిని బట్టి ఇవ్వమందామా? కేంద్రంలో ప్రమోషన్ రాకపోయినా పదేళ్ళకోసారి పై స్థాయి జీతమిచ్చే ఎంఏసీపీకి ‘గుడ్’ చాలదు, ‘వెరీ గుడ్’ ఉండాలన్నారు. నేను చూసినంతలో రిపోర్టుల్లో అందరూ వెరీ గుడ్ అయిపోయారు. కాదనడానికి ఏ అధికారికి ధైర్యముంటుంది, రేపు ట్రిబ్యునల్ మెట్లెక్కాల్సింది ఆయనేగా! అందుకే నా ఓటు సమాన ఇంక్రిమెంటుకే. ఇష్టాయిష్టాలతో పంచే అయిదు శాతం కన్నా అదే నయం.

జీతం పంచేది ఢిల్లీ అయినా, ఫైళ్ళు పంచేది సెక్షన్ ఆఫీసరే. పనిచేసేవాడి నెత్తినే ఇంకో నాలుగు పడేసేదీ ఆయనే. ఒకావిడ మాత్రం వస్తూనే ఎవరి దగ్గర ఎన్ని ఫైళ్ళున్నాయో లెక్క రాయించి గోడకు అంటించారు, సమానంగా పంచారు. వారం తిరక్కుండా ఆవిడ మీద పైకి ఫిర్యాదు వెళ్ళింది. సంతకాలు చూస్తే, ఆ పట్టికలో అట్టడుగున ఉన్నవాళ్ళవే అన్నీ.