గోడవార చంద్రిక

బైరెడ్డిపల్లె చుట్టుపక్కల పట్టుపురుగుల షెడ్డున్న ఇళ్లకు వెళ్తే గోడవార ఆనించిన వెదురు తడికలు కనిపిస్తాయి. పంట లేని రోజుల్లో వాటిమీద తువ్వాళ్లు ఆరుతుంటాయి, చాటున కోడి పొదుగుతుంటుంది. చంద్రికలంటే ఇవే. ఇటు పలమనేరు, కుప్పం, అటు పుంగనూరు, మదనపల్లె దాకా మల్బరీ పెరిగే నేల ఇది. ఇంట్లో చీపురునెవరు చూస్తారు? ఇక్కడ చంద్రిక సంగతీ అంతే.

తువ్వాలు పక్కకు తీసి చూడండి. దాదాపు ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు తడిక. దానిమీద సన్నటి వెదురు పేళ్లతో అల్లిన పట్టీ, రెండంగుళాల ఎత్తున నిలువుగా నిలబడి, లోపలి నుంచి బయటికి సుళ్లు తిరుగుతూ పోతుంది. వరసకూ వరసకూ మధ్య ఎడం కూడా ఇంచుమించు అంతే. స్కేలు పెట్టి గీసింది కాదు, అల్లినవాళ్ల చేతికి తెలిసిన కొలత. వంపులో విరగకూడదంటే పేళ్లను పలచగా చీల్చాలి. నిటారుగా నిలవాలంటే కాస్త మందం ఉంచాలి. ఎన్నో పంటలు చూసిన చంద్రికలో కూడా పట్టీ ఒరగకుండా నిలిచిందంటే, చీల్చిన చెయ్యి గట్టిదన్నమాట.

వరసల మధ్య ఆ ఎడం సొగసు కోసం పెట్టింది కాదు. నాలుగో జ్వరం, అంటే నాలుగోసారి కుబుసం విడిచే దశ, దాటి లేచి, వారం పాటు ఆబగా ఆకు మేసిన పురుగు ఒకనాడు మేత మానేస్తుంది. ఒళ్లు పసుపు తిరిగి, వెలుగు అవతలికి కనబడేంత తేటపడుతుంది. పండిన పురుగంటే అదే. ఏరి చంద్రిక మీద వదిలితే తలెత్తి, ఎనిమిది అంకె దిద్దుతున్నట్టు ఆడిస్తూ పోగు తీస్తుంది. గూడు గాలిలో నిలవదు. పోగు తగిలించడానికి రెండు వైపులా ఆనిక కావాలి. తడికా పట్టీ కలిసే మూల ఆ ఆనిక. ఎడం మరీ ఎక్కువైతే పురుగు చోటు వెతుక్కుంటూ పట్టు పాడుచేస్తుంది. పురుగులు ఇరుకున పడితే రెండు కలిసి ఒకే గూడు కట్టేస్తాయి. జంట గూటి నుంచి పోగు సాఫీగా ఊడిరాదు, సంతలో ధర తెగిపోతుంది. పైగా గూడు మొదలెట్టే ముందు పురుగు మూత్రం విడుస్తుంది. అది కారిపోవాలి, గాలి ఆడాలి. అందుకే తడిక, అందుకే ఏటవాలుగా ఆనించడం.

మంచి గూట్లో కిలోమీటరు దాకా పోగుంటుంది. ఒక చంద్రిక మీద వెయ్యి పురుగుల వరకూ పడతాయి. లెక్కగట్టుకోండి.

ఎవరూ పట్టించుకోని వస్తువు ఒక్కోసారి అందరి కంటా పడుతుంది. క్యోటోలోని దైతొకుజి ఆలయ ప్రాంగణంలో కిజయెమోన్ అనే టీ గిన్నె ఉంది. కొరియాలో ఊరూపేరూ తెలియని కుమ్మరి చేసిన ముతక గిన్నె. జపాన్ టీ గురువుల చేతుల్లో పడ్డాక దాని రాత మారింది, ఇవాళ అది ఆ దేశపు జాతీయ సంపద. 1931లో దాన్ని చూసి ఇంత మామూలుదా అని మురిసిపోయిన జపాన్ కళా విమర్శకుడు యనాగి సోఎత్సు, 1936లో టోక్యోలో రోజువారీ వస్తువుల కోసమే ఒక మ్యూజియం తెరిచాడు.

పాత చంద్రికలకూ అలాంటి యోగం పడుతోంది. గోడ అలంకరణగా అమ్మేవాళ్లున్నారు. తెల్లగోడ మీద వాటి సుళ్లు నిజంగానే చూపును కట్టిపడేస్తాయి. కాదనను. కానీ రెండంగుళాల ఎడం ఎందుకో అక్కడ ఎవరికీ పట్టదు, నాకు సగం అందం అక్కడే పోతుంది. రైతుకు కళ్లు లేవనీ అనలేం. కొనేటప్పుడు పట్టీ పొడుగునా వేలు నడిపి ఎక్కడైనా పేడు గుచ్చుకుంటుందేమో చూస్తాడు, వరసలు సమంగా ఉన్నాయా అని వంగి చూస్తాడు. ఆ చూపు మ్యూజియంలో చూసే చూపుకేం తీసిపోదు. నోటితో మాత్రం మెచ్చుకోడు. మెచ్చుకుంటే బేరం చెడుతుంది.

ఇప్పుడు చంద్రికల చోట ప్లాస్టిక్ నేత్రికలు వచ్చాయి. మడిచి మూల పెట్టొచ్చు, కడగడం సులువు. వాటికి మారినవాళ్లను తప్పుపట్టే హక్కు గోడకు చంద్రిక తగిలించుకున్నవాళ్లకు లేదు.

నిండు చంద్రిక చూడాలనుకుంటే పురుగులు ఎక్కించిన మర్నాడు వెళ్లండి. పలచటి గూళ్ల లోపల తలలు ఇంకా ఆడుతూ కనిపిస్తాయి. ఒకరోజు ముందు వెళ్లారో, ఇంటిల్లిపాదీ ఊపిరాడని పనిలో ఉంటారు. మీ చేతికీ ఒక చాటిచ్చి పండిన పురుగులు ఏరమంటారు.