పాతాళభైరవియు కాలయంత్రమును

మాయకథ మేలా, విజ్ఞానకల్పన మేలా యని మా తెరుబలి యువకులు వాదులాడుచుందురు. ఈ రెండింటికిని దీటైన తెలుగు చిత్రములుగా మేము 1951 నాటి ‘పాతాళభైరవి’ని, 1991 నాటి ‘ఆదిత్య 369’ను ఎంచుచున్నాము.

మాయకథలో కట్టుబాటు లేదనుట పొరపాటు. నేపాళ మాంత్రికుడంతటివానికిని సాహసవంతుడైన యువకుని బలి యీయక ప్రతిమ దక్కదు. ఆ నియమ ముండుటచేతనే తోటరాముని గెలుపు మనకు రుచించుచున్నది. కాలయంత్రమునకును తన నియమము తనకు గలదు; అది తప్పిననాడు ప్రయాణికులు 2504వ సంవత్సరమున పోయి పడిరి. ఇంతవరకు ఉభయులును సమానులే.

కాని మాకొక పక్షపాతము గలదు, దాచనేల? సింగీతం శ్రీనివాసరావుగారి చిత్రమున మా మనస్సు నిలుచునది భావికాలమున గాదు, రాయల కొలువున. భావికాలము కంటికి వింతయే. అచట చెవికి విందు తక్కువ. పింగళి నాగేంద్రరావుగారి ‘డింభకా’ యను పిలుపును ఒడియా బడిలో చదువు మా పిల్లలు సైతము ఇంట పలుకుదురు. భావిలోకమునుండి వారు తెచ్చుకొన్న తెలుగు మాట యొక్కటియు మాకు వినబడలేదు. 2024 నాటి ‘కల్కి 2898 ఏ.డి.’ సైతము మహాభారతమునుండి అశ్వత్థామను అరువు తెచ్చుకొనినది గదా!

తప్పు విజ్ఞానముది గాదు. మా యూరి కర్మాగారమున విద్యుత్తుచే రాయి కరగి లోహమగుచుండుట ఏ మాయకును తీసిపోదు. అయినను మేము దానిని ‘ఫర్నేసు’ అంటిమే కాని, ఇంట పిల్లలకు ‘కొలిమి’ యని చెప్పినవారము గాము. ఆ కొలిమి వెలుగున నడచు కథ యొకటి మంచి తెలుగున వచ్చునేని, మేము పక్షము మార్చుకొనుటకు సిద్ధముగా నున్నాము.